డర్ట్ బైక్ వెనక షాక్ విప్పి బిగించడం: బోల్టుల పని తక్కువ, లింకేజీ పని ఎక్కువ

ముందుగా మీ ప్రశ్న సారాంశాన్ని చెప్పి, ఆ తర్వాత సమాధానానికి వస్తాను. అరిజోనాలోని ఫీనిక్స్ దగ్గర ఉంటున్న మీరు 2012 నాటి యమహా వైజడ్250 టూ స్ట్రోక్ బండిని ఇటీవల సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. వెనక షాక్ (కుదుపులను తట్టుకునే స్ప్రింగు, నూనె గొట్టం కలిసిన భాగం) కడ్డీ మీద నూనె తడి కనిపిస్తోంది, బండి మీద కూర్చుని ఊపితే కింద ఎక్కడో కిర్రుమంటోంది, వరుస గతుకుల్లో వెనక చక్రం ఎగిరెగిరి పడుతోంది. షాక్‌ను మీరే విప్పి సస్పెన్షన్ దుకాణానికి ఇచ్చి, సర్వీసు అయ్యాక మీరే బిగించుకోవాలని అనుకుంటున్నారు. అది ఇంట్లో చేయదగిన పనేనా, ఏ వరుసలో విప్పాలి, దేన్ని ముట్టుకోకూడదు అన్నవి మీ సందేహాలు.

ఇది ఇంట్లో చేయదగిన పనే. షాక్‌ను పట్టి ఉంచేవి పైన ఒక బోల్టు, కింద ఒక బోల్టు మాత్రమే. అయితే మీరు చెప్పిన మూడు లక్షణాల్లో నూనె తడి, చక్రం ఎగరడం షాక్‌కు సంబంధించినవి కాగా, కిర్రుమనే శబ్దం మాత్రం దాదాపు ఎప్పుడూ షాక్‌లోంచి రాదు. అది షాక్ కింద ఉండే లింకేజీలోని, అంటే చక్రం కదలికను షాక్‌కు చేర్చే మీటల్లోని, ఎండిపోయిన బేరింగుల శబ్దం. కాబట్టి షాక్ ఒక్కదాన్నే విప్పి పంపించి, అది తిరిగి వచ్చాక అదే తుప్పుపట్టిన లింకేజీ మీద బిగిస్తే మీరు పెట్టిన డబ్బులో సగం వృథా అవుతుంది. షాక్ బయట ఉన్న రోజుల్లో లింకేజీని పూర్తిగా శుభ్రం చేసి గ్రీజు పెట్టడమే ఈ పనిలో ముఖ్యభాగమని నా అభిప్రాయం. పాత బండ్లు కొన్నవాళ్ళలో పదిమందికి తొమ్మిదిమంది వదిలేసేది కూడా దాన్నే.

పానా ముట్టుకునే ముందు చేయవలసిన పని కొలతలు తీసుకోవడం. వెనక చక్రం గాలిలో ఉండేలా బండిని స్టాండు మీద ఎక్కించి, ఇరుసు మధ్యభాగం నుంచి దానికి నేరుగా పైన వెనక ఫెండర్ మీద మీరు పెట్టుకున్న గుర్తు వరకు టేపుతో కొలిచి రాసుకోండి. తర్వాత బండిని నేలమీదకు దించి, ఎవరూ కూర్చోకుండా నిటారుగా పట్టుకుని మళ్ళీ కొలవండి. చివరగా హెల్మెట్, బూట్లు, మోకాలి కవచాలతో సహా మీరు ఎక్కి, పాదాలు ఫుట్‌పెగ్‌ల మీద ఉంచి, మరొకరి చేత కొలిపించండి. ఉదాహరణకు గాలిలో 600 మిల్లీమీటర్లు, నేలమీద ఒంటరిగా 565, మీరు కూర్చున్నప్పుడు 502 వచ్చిందనుకుందాం. అప్పుడు బండి తన బరువుకే దిగింది 35 మిల్లీమీటర్లు, మీతో కలిసి దిగింది 98 మిల్లీమీటర్లు. ఈ రెండో కొలతనే రైడర్లు రేస్ సాగ్ అంటారు. యమహా మాన్యువల్ దానికి 90 నుంచి 100 మిల్లీమీటర్ల హద్దు ఇస్తుంది. ఈ బండి వెనక చక్రం మొత్తం కదలిక 315 మిల్లీమీటర్లు కనుక, అందులో సుమారు మూడోవంతు కూర్చోగానే దిగాలన్నమాట.

కొలతలు అయ్యాక షాక్ మీది సర్దుబాటు మరలను లెక్కపెట్టండి. రిజర్వాయర్ (షాక్ పక్కన ఉండే నూనె, గ్యాసు డబ్బా) మీద కంప్రెషన్ మర, కింది భాగంలో రీబౌండ్ మర ఉంటాయి: మొదటిది షాక్ నొక్కుకునే వేగాన్ని, రెండోది అది తిరిగి చాచుకునే వేగాన్ని సర్దుతుంది. ఒక్కొక్కదాన్ని సవ్యదిశలో చివరి వరకు నెమ్మదిగా తిప్పుతూ ఎన్ని క్లిక్కులు వచ్చాయో రాసుకుని, తిరిగి అన్నే క్లిక్కులు వెనక్కి తెచ్చిపెట్టండి. చివర తగిలాక బలం పెట్టకూడదు. లోపలి సూది మొన చెడిపోతుంది. ఒకసారి ఒక దుకాణం నుంచి తిరిగి వచ్చిన నా షాక్‌లో రీబౌండ్ మర పూర్తిగా లోపలికి బిగించి ఉంది. నేను చూసుకోకుండా బిగించి ట్రాక్ మీదకు వెళ్ళాను. మొదటి గతుకుల వరుసలో వెనక చక్రం కిందికి దిగింది దిగినట్టే ఉండిపోయి, నాలుగో గతుకు దగ్గరికి వచ్చేసరికి షాక్ కదలికే మిగలలేదు. నా దగ్గర పాత లెక్క రాసి ఉంది కాబట్టి అక్కడే నిలబడి సరిచేసుకోగలిగాను.

ఇక విప్పడం. బండిని ఫ్రేము కింద ఆనే స్టాండు మీదే నిలపాలి. సైడ్ స్టాండు పనికిరాదు. స్వింగ్ ఆర్మ్‌ను (వెనక చక్రాన్ని పట్టి పైకీ కిందికీ ఊగే చేతిని) పట్టుకుని ఎత్తే పాడాక్ స్టాండు అసలే పనికిరాదు, ఎందుకంటే షాక్ ఊడగానే ఆ స్వింగ్ ఆర్మే ఆధారం లేకుండా కదిలేది. ఈ బండిలో లింకేజీ స్వింగ్ ఆర్మ్‌కు కింద వేలాడుతూ ఉంటుంది కాబట్టి, స్టాండు పైభాగం లింకేజీకి అడ్డం రాకుండా కాస్త ముందుకు, ఇంజను కింది ఫ్రేము గొట్టాలకు ఆనేలా చూసుకోండి. వెనక చక్రం తీసేస్తే బరువంతా ముందుకు మొగ్గుతుంది. అందుకని ముందు చక్రానికి రెండువైపులా చెక్కదిమ్మలు పెట్టి, హ్యాండిల్‌ను ఒక తాడుతో ఏ దూలానికో కట్టడం మంచిది. పెట్రోలు కుళాయి కట్టేయండి.

సీటు, పక్క ప్లాస్టిక్కులు, సైలెన్సర్ తీశాక, సీటును మోసే వెనక సబ్‌ఫ్రేము దగ్గరికి వస్తారు. చాలామంది దాని కింది బోల్టులు తీసి, పై బిగింపు వదులు చేసి, సబ్‌ఫ్రేమును పైకి మడిచి పని కానిచ్చేస్తారు. నేను మాత్రం కార్బ్యురేటర్ దగ్గరి రబ్బరు గొట్టం క్లాంపు వదులు చేసి, ఎయిర్‌బాక్స్‌తో (గాలి ఫిల్టరు ఉండే డబ్బాతో) సహా సబ్‌ఫ్రేమును పూర్తిగా తీసి పక్కన పెడతాను. అయిదు నిమిషాలు ఎక్కువ పడుతుంది గాని, షాక్ చుట్టూ చేతులు ఆడతాయి, పైబోల్టు కళ్ళకు కనిపిస్తుంది. తీసిన వెంటనే కార్బ్యురేటర్ నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కండి. విజయవాడ ఆటోనగర్‌లో మా మామయ్య షెడ్డులో పని నేర్చుకున్న రోజుల్లో నాకు పడిన మొదటి తిట్టు అలా కుక్కకుండా వదిలేసినందుకే.

వెనక చక్రం తీయడం తప్పనిసరి కాకపోయినా, తీయమనే చెబుతాను. చక్రం బరువు లేకపోతే స్వింగ్ ఆర్మ్‌ను ఒక చేత్తో ఎత్తి దించవచ్చు, పైగా దాని బేరింగులు ఎలా ఉన్నాయో కూడా అప్పుడే తెలుస్తుంది. చక్రం తీశాక బ్రేకు ప్యాడ్ల మధ్య ఒక పలుచని చెక్కముక్క పెట్టండి. పొరపాటున కాలు బ్రేకు పెడల్‌కు తగిలితే పిస్టన్ బయటికి రాకుండా అది ఆపుతుంది. బ్రేకు కాలిపర్‌ను (ప్యాడ్లను పట్టి ఉంచే భాగాన్ని) గొట్టం మీద వేలాడనివ్వకుండా తీగతో స్వింగ్ ఆర్మ్‌కు కట్టండి.

ఇప్పుడు స్వింగ్ ఆర్మ్ చివర కింద ఒక చెక్కదిమ్మ పెట్టి, దాని బరువు లింకేజీ మీద గాని షాక్ మీద గాని పడని ఎత్తులో నిలపాలి. ఈ పనిలో కిటుకు అంటూ ఒకటి ఉంటే అది ఇదే. బోల్టు మీద భారం ఉన్నంతసేపు అది కదలదు. భారం పోయిన క్షణంలో వేలితో తోసినా జారి వస్తుంది. నట్టు తీశాక బోల్టు రాకపోతే సుత్తి కోసం వెతకకుండా, స్వింగ్ ఆర్మ్‌ను అర అంగుళం పైకి, అర అంగుళం కిందికి కదిపి చూడండి. అప్పటికీ రాకపోతే బోల్టు తలను రింగు పానాతో గుండ్రంగా తిప్పండి. అది తిరగకపోతే లోపలి ఉక్కు కాలర్‌కు (బోల్టు దూరే చిన్న గొట్టానికి) తుప్పుతో అతుక్కుపోయిందని అర్థం. అప్పుడు తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలేయండి. మరుసటి రోజు నట్టును మర చివరకు సమంగా ఉండేలా తిరిగి ఎక్కించి, ఇత్తడి కడ్డీ ఆనించి తట్టండి. మర మీద నేరుగా సుత్తి దెబ్బ పడితే బోల్టు పుట్టగొడుగులా విచ్చుకుని, ఇక ఆ రంధ్రంలోంచి రానేరాదు. అలాగే మంట పెట్టి వేడిచేయవద్దు: చుట్టూ రబ్బరు సీళ్ళు, పైన పెట్రోలు ట్యాంకు ఉన్నాయి.

వరుస ఇలా పెట్టుకోండి. లింకేజీలో రెండు ముక్కలుంటాయి: స్వింగ్ ఆర్మ్‌కు తగిలి షాక్ కింది కొనను పట్టేది రిలే ఆర్మ్, దాన్ని ఫ్రేముకు కలిపేది కనెక్టింగ్ రాడ్. మొదట ఆ రెండింటి మధ్య బోల్టు తీస్తే రిలే ఆర్మ్ కిందికి వాలుతుంది. తర్వాత షాక్ కింది బోల్టు తీయండి. పైబోల్టును అన్నిటికంటే చివర, షాక్‌ను ఒక చేత్తో పట్టుకుని తీయాలి. పైదాన్ని ముందు తీస్తే షాక్ బరువంతా కింది బోల్టు మీద ఒరిగి, రిజర్వాయర్ వెళ్ళి ఫ్రేముకు కొట్టుకుంటుంది. ప్రతి బోల్టూ ఏ వైపు నుంచి దూరి ఉందో, రిజర్వాయర్ ఏ దిక్కుకు ఉందో తీసే ముందే ఫోనులో ఫొటో తీసుకోండి. బోల్టు, వాషర్, నట్టు మూడింటినీ ఒకదానికొకటి ఎక్కించి ఒకే డబ్బాలో వేయండి. షాక్‌ను పైకి, వెనక్కి లాగితే బయటికి వచ్చేస్తుంది.

షాక్ చేతికి రాగానే కొన్ని విషయాలు చూడండి. మెరిసే కడ్డీ మీద గోరు పెట్టి పైనుంచి కిందికి జరిపితే ఎక్కడా తగలకూడదు. గోరు తగిలేంత గుంట ఉంటే కొత్త సీలు వేసినా నెల తిరక్కుండా మళ్ళీ కారుతుంది, కాబట్టి ఆ విషయం దుకాణంవాళ్ళకు ముందే చెప్పాలి. కడ్డీ మొదట్లో ఉండే రబ్బరు బుడిపె పొడిపొడిగా రాలుతుంటే దాన్ని కూడా మార్పించండి. కింది కంటిలో (బోల్టు దూరే కన్నంలో) ఉండే బేరింగునూ సీళ్ళనూ మరిచిపోకండి. కొన్ని దుకాణాలు దాన్ని లింకేజీ భాగం అనుకుని వదిలేస్తాయి.

ఇక ముట్టుకోకూడనిది. రిజర్వాయర్ చివర టైరు వాల్వు లాంటిది ఒకటి ఉంటుంది. దాని వెనక రబ్బరు తిత్తిలో సుమారు 10 బార్ ఒత్తిడిలో నైట్రోజన్ ఉంటుంది. అంత ఒత్తిడి ఎందుకంటే, షాక్ లోపల పిస్టన్ వేగంగా కదిలినప్పుడు దాని వెనక నూనెలో బుడగలు పుట్టకుండా ఆ గ్యాసు నూనెను ఎప్పుడూ నొక్కి ఉంచాలి. బుడగలు పుడితే షాక్ నూనెను కాక నురగను తోస్తుంది, అప్పుడు అదుపు పోయి చక్రం ఎగురుతుంది. మీ షాక్‌లో ఇప్పుడు జరుగుతున్నది బహుశా అదే: నూనె కారి తగ్గినకొద్దీ తిత్తి వ్యాకోచించి, ఒత్తిడి పడిపోయింది. "కాస్త గాలి కొడితే సరిపోదా?" అని అడిగినవాళ్ళను చూశాను. టైరు పంపుతో కొట్టకూడదు. మామూలు గాలిలో తేమ ఉంటుంది, వేడికి దాని ఒత్తిడి నిలకడగా ఉండదు. పైగా ఆ వాల్వు నొక్కి చూసినా, చిన్న కొలతపరికరం పెట్టినా ఉన్న గ్యాసులో చెప్పుకోదగ్గ భాగం పోతుంది. నూనె, సీలు, తిత్తి, నైట్రోజన్ ఈ నాలుగూ దుకాణం పని. స్ప్రింగును కూడా మీరు తీయనక్కర్లేదు. దుకాణంవాళ్ళకు షాక్ ఇచ్చేటప్పుడు రక్షణ సామగ్రితో సహా మీ బరువెంతో, ఎక్కువగా ఎలాంటి నేల మీద నడుపుతారో, పైన రాసుకున్న రెండు సాగ్ కొలతలు ఎంతో చెప్పండి.

షాక్ దుకాణంలో ఉన్న ఆ వారం రోజులు మీవి. ముందు స్వింగ్ ఆర్మ్ చివర పట్టుకుని నిట్టనిలువుగా ఎత్తి వదలండి. అది తన బరువుతో ఒకే వేగాన మెత్తగా దిగాలి. మధ్యలో ఆగినా, గరగరలాడినా పివట్ (స్వింగ్ ఆర్మ్ ఫ్రేముకు తగిలే చోటు) బేరింగులు కూడా విప్పాలి. తర్వాత పక్కలకు గట్టిగా ఊపండి. చేతికి తెలిసేంత ఆట ఉండకూడదు.

లింకేజీ అసలు ఎందుకుందో ఒక మాట చెబితే దాన్ని ఎందుకు అంత జాగ్రత్తగా చూడాలో తెలుస్తుంది. 1970ల మొదట్లో బెల్జియంకు చెందిన లూసియెన్ టిల్కెన్స్ ఆలోచన ఆధారంగా యమహా వెనక రెండు షాకులకు బదులు ఒక్కటే పెట్టింది. 1973లో రేసు బండ్ల మీద, 1975 నాటికి అమ్మకపు బండ్ల మీద అది వచ్చింది. 1980ల మొదట్లో కవాసాకి, సుజుకి, హోండా ఆ ఒక్క షాక్‌కూ స్వింగ్ ఆర్మ్‌కూ మధ్య మీటల్లాంటి లింకులు చేర్చాయి. చక్రం పైకి పోయినకొద్దీ ఆ మీటల కోణం మారి, షాక్ మరింత వేగంగా నొక్కుకుపోతుంది. అందువల్ల చిన్న గతుకుకు మెత్తగా ఉండే షాక్, పెద్ద జంప్ నుంచి నేలకు దిగేటప్పుడు గట్టిపడుతుంది. అంటే మీ బరువూ బండి బరువూ చక్రం నుంచి షాక్‌కు చేరే దారంతా ఆ నాలుగైదు చిన్న సూది బేరింగుల గుండానే. అవి పూర్తిగా గుండ్రంగా తిరిగే బేరింగులు కావు, కొద్ది డిగ్రీల మేర అటూఇటూ ఊగుతాయి అంతే. అందుకే గ్రీజు ఒకచోట ఎండితే అక్కడికి మళ్ళీ రాదు. ఉన్నచోటే అరుగుతూ కాలర్ మీద గీతలు గీతలుగా పల్లాలు పడతాయి. ప్రెషర్ వాషర్ నీళ్ళు సూటిగా సీళ్ళ మీద కొట్టే అలవాటు ఉన్నవాళ్ళ బండ్లలో ఇది ఇంకా త్వరగా వస్తుంది.

రిలే ఆర్మ్‌ను, కనెక్టింగ్ రాడ్‌ను బండి నుంచి తీసి, ఒక వెడల్పాటి పళ్ళెంలో పెట్టి విప్పండి. పళ్ళెం ఎందుకంటే, ఈ బేరింగుల్లో కొన్నిటికి సూదుల్ని పట్టి ఉంచే పంజరం ఉండదు. కాలర్ తోయగానే గ్రీజు ఎండిన సూదులు గలగలా రాలిపోతాయి. ఒక్కో బేరింగులో ఎన్ని సూదులు ఉన్నాయో లెక్కపెట్టి, ఏవి ఎక్కడివో కలిసిపోకుండా వేరువేరు మూతల్లో ఉంచుకోండి. మొదటిసారి ఇది చేసినప్పుడు నేను గ్యారేజీలో నేల మీద కూర్చుని కాలర్‌ను వేలితో తోశాను. రెండు సూదులు డ్రెయిన్ జాలీలోకి పోయాయి. రెండు సూదుల కోసం బేరింగు మొత్తం కొనవలసి వచ్చింది, అది వచ్చేవరకు బండి పది రోజులు స్టాండు మీదే ఉంది.

సూదులను, కాలర్లను కిరోసిన్‌లో కడిగి, బనియన్ గుడ్డతో తుడిచి, వెలుతురులో పెట్టి చూడండి. కాలర్ నునుపుగా, ఒకే రంగులో ఉంటే మంచిది. గోధుమ రంగు మరకలు తుడిస్తే పోతే వాడుకోవచ్చు. గోరుకు తగిలే గుంటలున్నా, సూదుల అచ్చు పడ్డట్టు సమాంతర గీతలున్నా కాలర్‌ను, బేరింగును రెండింటినీ మార్చాలి. అరిగిన కాలర్ మీద కొత్త సూదులు వేస్తే ఆ కొత్తవి కూడా అదే ఆకారానికి అరుగుతాయి. సీళ్ళను మాత్రం ఎలా ఉన్నా మార్చేయండి. వాటి ధరకు వెనకాడవలసిన పని లేదు.

కొత్త బేరింగు ఎక్కించాలంటే సుత్తితో కొట్టకుండా ప్రెస్‌తో గాని, పెద్ద వైస్‌తో గాని, బేరింగు బయటి అంచుకు సరిపోయే సాకెట్ పెట్టి నొక్కండి. బేరింగును ముందురోజు రాత్రి ఫ్రీజర్‌లో పెట్టి, రిలే ఆర్మ్‌ను వేడిగాలి గన్‌తో చేతికి చురుక్కుమనేంత వెచ్చచేస్తే సగం బలంతో దిగిపోతుంది. తయారీదారు గుర్తులు, అంకెలు ఉన్న వైపు బయటికి ఉండాలి. ఎంత లోతుకు దిగాలో మాన్యువల్‌లో మిల్లీమీటర్లలో ఉంటుంది. పాతది తీసే ముందు వెర్నియర్ కాలిపర్‌తో (కొలతపరికరంతో) ఆ లోతు కొలిచి రాసుకోవడం కూడా మంచి అలవాటు. ఎక్కువ లోతుకు పోతే సీలుకు ఆధారం ఉండదు, తక్కువైతే సీలు కూర్చోదు.

గ్రీజు విషయంలో యమహా సూచన స్పష్టంగా ఉంది: బేరింగులకు, కాలర్లకు, బోల్టు నడుముకు మాలిబ్డినం డైసల్ఫైడ్ గ్రీజు, సీళ్ళ అంచులకు లిథియం సబ్బు గ్రీజు. సూదుల మధ్య ఖాళీ లేకుండా వేలితో నొక్కి నింపండి. కాలర్ తోసినప్పుడు అటు చివర నుంచి కాస్త గ్రీజు పొంగి రావాలి. బోల్టు నడుముకు పలుచగా రాస్తే చాలు. మరకు మాత్రం అంటనీయకండి, ఎందుకంటే జిడ్డు మర మీద టార్క్ రెంచి (బిగువు కొలిచే పానా) చూపించే అంకె కంటే అసలు బిగువు ఎక్కువ పడుతుంది.

షాక్ తిరిగి వచ్చిందనుకుందాం. బిగించే ముందు సర్దుబాటు మరలు మీ పాత లెక్కకు ఉన్నాయో లేదో చూడండి. ఆ తర్వాత తీసిన వరుసకు సరిగ్గా తిరగేసి వెళ్ళండి: ముందు పైబోల్టు, తర్వాత కింది బోల్టు, చివర లింకులు. అన్ని బోల్టులూ స్థానంలోకి వచ్చి, నట్టులు చేత్తో ఎక్కేవరకు ఏ ఒక్కదాన్నీ పానాతో బిగించకండి. ఒకదాన్ని ముందే బిగిస్తే మిగతా రంధ్రాలు వెంట్రుకవాసి తేడాతో కలవవు, అప్పుడు బోల్టును కొట్టి దూర్చాలన్న ఆలోచన వస్తుంది. రంధ్రాలు కలవకపోతే మళ్ళీ స్వింగ్ ఆర్మ్ ఎత్తునే సర్దాలి.

బిగువు అంకెలు మీ బండికి ఇవి: షాక్ పైబోల్టు 56 న్యూటన్ మీటర్లు, కింది బోల్టు 53, రిలే ఆర్మ్‌కూ స్వింగ్ ఆర్మ్‌కూ మధ్య 70, రిలే ఆర్మ్‌కూ కనెక్టింగ్ రాడ్‌కూ మధ్య 80, కనెక్టింగ్ రాడ్‌కూ ఫ్రేముకూ మధ్య 80, వెనక ఇరుసు నట్టు 125. ఈ అంకెల్ని వేరే బండికి ఎత్తి వాడకండి. ఉదాహరణకు కేటీఎం ఈఎక్స్‌సీ బండ్లలో లింకేజీ లేకుండా షాక్‌ను నేరుగా స్వింగ్ ఆర్మ్‌కు తగిలించే పద్ధతి ఉంది. కొత్త మోడళ్ళలో ఆ పై, కింది బోల్టులు రెండింటికీ గట్టి థ్రెడ్ లాక్ (మర వదులవకుండా పట్టే జిగురు) రాసి 80 న్యూటన్ మీటర్లకు బిగించమంటారు. మీ మిత్రుడి బండి అదైతే, అతని సలహా మీ బండికి వర్తించదు.

బోల్టులు బిగించేటప్పుడు బండి నేలమీద ఉండాలా, గాలిలో ఉండాలా అన్న చర్చ తరచూ వస్తుంది. రోడ్డు బండ్లలో షాక్ కళ్ళకు రబ్బరు బుష్‌లు ఉన్నచోట ఆ చర్చకు అర్థం ఉంది: గాలిలో బిగిస్తే రబ్బరు ఆ స్థితిలోనే పట్టుబడి, నేలమీదకు రాగానే మెలితిరిగి త్వరగా చీలుతుంది. మీ బండి లింకేజీలో రబ్బరు లేదు. బోల్టు బిగిసేది ఉక్కు కాలర్‌కు, కదిలేది ఆ కాలర్ చుట్టూ ఉన్న సూదుల మీద. కాబట్టి గాలిలో బిగించినా నష్టం లేదు. బిగించాక స్వింగ్ ఆర్మ్‌ను కదిపి చూసి, ఎక్కడైనా బిర్రుగా ఉంటే మాత్రం కాలర్ ఒకవైపు జారిందో, వాషర్ తప్పు చోట పడిందో వెతకాలి. తొక్కితే అదే సర్దుకుంటుందని వదిలేయకూడదు.

సబ్‌ఫ్రేము పెట్టేటప్పుడు అలసట వల్ల జరిగే తప్పు ఒకటుంది, అది ఇప్పటివరకు చెప్పిన తప్పులన్నిటికంటే ఖరీదైనది. ఎయిర్‌బాక్స్ రబ్బరు గొట్టం కార్బ్యురేటర్ అంచు మీద చుట్టూ సమంగా కూర్చోవాలి. అద్దం పెట్టి కింది భాగం కూడా చూడండి, వేలితో తడమండి, తర్వాతే క్లాంపు బిగించండి. ఆ గుడ్డ తీయడం మరిచిపోతే బండి స్టార్టే కాదు, కాబట్టి తెలిసిపోతుంది. గొట్టం ఒకవైపు మడతపడితే మాత్రం బండి బాగానే నడుస్తుంది, అరిజోనా దుమ్మంతా ఫిల్టరును దాటి సిలిండర్‌లోకి పోతుంది. టూ స్ట్రోక్ ఇంజనులో ఆ గాలి క్రాంక్ కేసు (ఇంజను కింది గది) గుండా వెళ్తుంది కనుక పిస్టన్, రింగులతో పాటు కింది బేరింగులు కూడా పోతాయి.

చక్రం, గొలుసు, బ్రేకు ఎక్కించాక, బ్రేకు పెడల్‌ను గట్టిపడేవరకు రెండు మూడుసార్లు తొక్కండి. ఆపైన మొదట చేసిన మూడు కొలతలూ మళ్ళీ తీసుకోండి. రేస్ సాగ్ 90 నుంచి 100 మధ్య లేకపోతే స్ప్రింగు పైన ఉండే రింగును తిప్పి సరిచేయాలి. తిప్పే ముందు దాని మరలోని మట్టిని బ్రష్‌తో పూర్తిగా తీసి, కాస్త నూనె వేయండి. ఇసుకతో తిప్పితే అల్యూమినియం మర తినేస్తుంది. రింగు ఒక చుట్టు తిరిగితే స్ప్రింగు పొడవు 1.5 మిల్లీమీటర్లు మారుతుంది, లింకేజీ మీటల వల్ల చక్రం దగ్గర ఆ మార్పు దానికి రెండింతలకు పైగా కనిపిస్తుంది. అందుకని అర చుట్టు తిప్పి కొలవడం, మళ్ళీ అర చుట్టు తిప్పడం, ఇలా వెళ్ళండి.

రేస్ సాగ్ కుదిరాక మిగిలిన కొలతను, అంటే బండి ఒంటరిగా దిగే కొలతను చూడండి. ఇక్కడ చాలామంది తికమకపడతారు. రేస్ సాగ్ 98 దగ్గర కుదిరినా బండి ఒంటరిగా కేవలం 10 మిల్లీమీటర్లు దిగుతుంటే స్ప్రింగు గట్టిదని అనిపిస్తుంది. నిజం దానికి తలకిందులు: స్ప్రింగు మీ బరువుకు మెత్తదైనందువల్లే దాన్ని రింగుతో అంత బిగించవలసి వచ్చింది, ఆ బిగువే బండిని ఒంటరిగా దిగనివ్వడం లేదు. అలాగే ఒంటరిగా 50 దాటి దిగుతుంటే స్ప్రింగు మీకు మరీ గట్టిది. 25 నుంచి 40 మధ్య ఉంటే స్ప్రింగు మీకు సరిపోయినట్టే. పాత యజమాని మీకంటే పాతిక కిలోలు బరువైనవాడో, తేలికైనవాడో అయి ఉండవచ్చు, కాబట్టి సెకండ్ హ్యాండ్ బండికి ఈ పరీక్ష తప్పనిసరి. స్ప్రింగు మార్చాలని తేలితే ఇదంతా మళ్ళీ విప్పాలి గనక, మొదట్లో తీసిన కొలతల్నే ఈ దృష్టితో చూసి షాక్ దుకాణంలో ఉండగానే నిర్ణయించుకోవడం మేలు.

మొదటిసారి పది నిమిషాలు నెమ్మదిగా నడిపి ఆపండి. లింకేజీ బోల్టులను టార్క్ రెంచితో మరోసారి సరిచూడండి, గొలుసు బిగువు చూడండి, షాక్ కడ్డీని తెల్లగుడ్డతో తుడిచి తడి ఏమైనా ఉందేమో గమనించండి. సీళ్ళ దగ్గర గ్రీజు కాస్త పొంగి కనిపిస్తే కంగారుపడకండి, మీరు సరిపడా పెట్టారని దాని అర్థం. గుడ్డతో తుడిచేయండి చాలు. దుమ్ములో నడిపే బండికి నేను ఏటా ఒకసారి లింకేజీ విప్పుతాను, నీళ్ళలోనూ బురదలోనూ ఎక్కువగా నడిపిన ఏడాది అయితే రెండుసార్లు. రిలే ఆర్మ్ విప్పినప్పుడు కాలర్ల మీద గీతలు కనిపిస్తే వాటి ఫొటోలు ఇక్కడ పెట్టండి, మార్చాలో అక్కర్లేదో చూసి చెబుతాను.